మురుగు ట్యాంకు కారుచున్నప్పుడు
మదనపల్లె

చిరంజీవి మేనల్లునకు,

కుప్పములో నీవు పని నేర్చుకొనుచున్న షెడ్డునకు బెంగుళూరునుండి ఒక కారవాన్ మరమ్మతుకై వచ్చినదనియు, దాని మరుగుదొడ్డి ట్యాంకు క్రింద నీరు బొట్లుబొట్లుగా కారుచున్నదనియు, ఎన్ని పర్యాయములు సొల్యూషన్ పూసినను నిలువలేదనియు వ్రాసితివి. నిలువదు నాయనా. బొట్టు రాలుచున్న చోటనే లోపమున్నదని నీవు నమ్మితివి. గొట్టము అడుగుభాగము నంటి జారివచ్చెడి నీరు, ఆ గొట్టము ఎక్కడ క్రిందికి వంగినదో, ఎక్కడ క్లిప్పు అంచు అడ్డమైనదో అక్కడ కూడుకొని రాలునే గాని, పుట్టినచోటనే రాలవలెనను నియమ మేమియు లేదు.

కావున మొదట ట్యాంకును ఖాళీచేయించి, మంచినీటితో కడిగించి, వెలుపల గొట్టములన్నిటిని పొడిగుడ్డతో తుడిచి, ప్రతి అతుకు చుట్టును ముగ్గుపిండి అద్దుము. పిమ్మట నీలిమందు కలిపిన నీరు సగమువరకు పోసి, తొందరపడక కూర్చుండి చూడుము. పిండి ఎక్కడ మొదట నీలముగా మారునో అదియే లోపస్థానము. సగము నీటికి ఏమియు కారనియెడల మిగిలిన సగము నింపుము. పైనుండి దిగు గొట్టము ట్యాంకులో చేరుచోట రబ్బరు చెడినచో, అది ట్యాంకు నిండినప్పుడు గాని బయటపడదు. గొట్టము చివరి మూత తీసినంతనే వాల్వు మూసియున్నను నీరు వచ్చుచున్నచో, దోషము అతుకుది కాదు, వాల్వుది.

ఈ బండ్ల వాల్వులో ఒక పలక రెండు రబ్బరు సీళ్ల నడుమ ముందుకు వెనుకకు జారుచుండును. పలక కూర్చుండు గాడిలో కాగితపు పీలికయో ఇసుకయో చేరినచో వాల్వు పూర్తిగా మూసికొనదు. నెలల తరబడి వాడక నిలిపిన బండిలో రబ్బరు ఎండి పగులును. బోల్టులు విప్పి, గాడిని శుభ్రపరచి, సీళ్లు రెండును మార్చుము. ఒకటి బాగుగనే యున్నదని దానిని మిగుల్చుట పొదుపు కాదు. రాయుటకు సిలికాన్ గ్రీజు తెప్పించుకొనుము. షెడ్డులో చక్రములకు వాడు గ్రీజు పెట్రోలియముది. అది రబ్బరును ఉబ్బించి చెడగొట్టును. బోల్టులను ఎదురెదురు మూలలుగా కొంచెము కొంచెము బిగింపుము.

ఇక సొల్యూషన్ మాట. అది జిగురు కాదు, పి.వి.సి. పైపొరను కరిగించి రెండు ముక్కలను ఏకము చేయు ద్రావకము. పాలిథీన్ ట్యాంకును అది కరిగింపజాలదు గనుక, దానిపై ఎంత పూసినను ఎండి పెచ్చుగా ఊడిపోవును. ఎం-సీల్ ముద్దకును అక్కడ పట్టు చిక్కదు. మన టమోటా రైతులు బోరుబావులకు దించు హెచ్.డి.పి.ఇ. గొట్టములను వేడిపలకపై కరిగించి అతుకుట నీవు చిన్ననాటినుండి చూచినదే. ట్యాంకు పగులును గూడ అట్లే, అదే జాతి ప్లాస్టిక్కు కడ్డీతో, వేడిచేసి పూడ్చవలెను. గొట్టము మార్చవలసివచ్చినచో, పుంగనూరు అంగడిలో ఎస్.డబ్ల్యు.ఆర్. గొట్టము బి రకమే అడుగుము. ఎ రకము గాలికిని వాననీటికిని ఉద్దేశింపబడినది. తిన్నగా కోసి, అంచుల నూగు గీకి, సొల్యూషన్ పూసి, పావుచుట్టు త్రిప్పుచు దూర్చి అరనిమిషము కదలక పట్టుకొనుము. మరునాటివరకు నీరు తగులనీయకుము. వాలు అడుగునకు పావంగుళ ముండిన చాలును.

ఇంతచేసినను బండి ప్రయాణమునకు బయలుదేరిన పిమ్మట మరల కారుట కలదు. నాకు ముఖ్యముగా తోచు విషయ మిదియే. ఇంటి గొట్టము కదలదు. బండి గొట్టము నిత్యము కదలుచుండును. నూరు లీటర్ల ట్యాంకు నిండినప్పుడు లోని నీరే నూరు కిలోలు. ఏనుగు మల్లమ్మ కొండ యని మనవారు పిలుచుకొను హార్స్‌లీ హిల్స్ ఘాట్‌రోడ్డు మలుపులలో అంత బరువు ఒక ప్రక్కకు ఒరగుచుండగా, చట్రమునకు బిగించిన గొట్టము మాత్రము కదలక నిలిచియుండును. ఆ రెంటి నడుమ నున్న అతుకు ఏమి కావలెను? అచ్చట రెండు క్లిప్పులు బిగించిన రబ్బరు కప్లింగు వేయుము. వాల్వు బరువు గొట్టముపై వ్రేలాడనీయక, దాని దాపుననే ఒక పట్టీ కట్టుము. పాత పట్టీ ఊడియుండుటవలననే అతుకు పగిలినదేమోనని నా అనుమానము, చూచి వ్రాయుము.

ఆ ట్యాంకులో పుట్టు వాయువులు విషములు, మండునవి గూడ. దగ్గరలో వెల్డింగు జరుగుచుండగా దానిని విప్పరాదు. వేడితో అతుకుటకు ముందు బాగుగా కడిగి గాలి ఆడనీయవలెను. చేతులకు తొడుగులు లేక పని మొదలిడరాదు. రక్షణసాధనములు లేక మనుష్యునిచే మురుగుట్యాంకు శుభ్రము చేయించుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. తొడుగు లడిగినందుకు ఎవరైన నవ్విన, నవ్వనిమ్ము. ఖాళీచేసిన మురుగును చెరువు కాలువలో వదలుమని యజమాని చెప్పినను వదలకుము. సెప్టిక్‌ట్యాంకు బండివానిని పిలిపింపుము.

పుంగనూరులో మీ యమ్మను చూచుటకు వచ్చినప్పుడు అటనుండి ఇటు వచ్చి పొమ్ము. విప్పిన వాల్వును కడిగి వెంట తెమ్ము. కొలత మాటలలో చెప్పిన నాకు చాలదు.

ఇట్లు,
నీ మేనమామ