పురుగుల ఇంట్లో ఎలుకలు, మనుషులకు జ్వరం: మ్యూరైన్ టైఫస్ గురించి నాలుగు మాటలు



పురుగులు ఏ జ్వరానికి ఎప్పుడు పడతాయో, ఎప్పుడు లేస్తాయో మనల్ని నిద్రలో లేపి అడిగినా చెప్తాం. మనకొచ్చే జ్వరాన్ని మాత్రం పట్టించుకోం. మాత్ర మింగి సొప్పు కొయ్యడానికి పోతాం.

పోయినేడు మా ఇంట్లో అదే జరిగింది. పురుగులు నాలుగో జ్వరం లేచిన మరుసటి రోజే మా తమ్ముడికి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. మేత ఎక్కువ పడే వారం కదా, వాడు పడుకోలేదు. మొదట వైరల్ అన్నారు, తర్వాత టైఫాయిడ్ అని సూదులు వేశారు. తొమ్మిదో రోజు దగ్గు, ఆయాసం. పెద్దాస్పత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరు అడిగిన మొదటి మాట: "మీ ఇంట్లో ఎలుకలున్నాయా?" అంతవరకు ఆ సంగతి మేము ఎవరికీ చెప్పనే లేదు. మందు మార్చాక రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఆ పంట ఇరుగుపొరుగు వాళ్లు మేపితే గూళ్లయింది.

*ఇది ఏం జబ్బు?*
పేరు మ్యూరైన్ టైఫస్. టైఫాయిడ్ వేరు, టైఫస్ వేరు. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వస్తుంది. ఇది ఎలుకల ఒంటిమీద బతికే ఫ్లీ అనే చిన్న గెంతే పురుగు వల్ల వస్తుంది. దీని క్రిమి పేరు రికెట్సియా టైఫై. ఎలుకకు పెద్దగా జబ్బు చెయ్యదు, తిరుగుతూనే ఉంటుంది. ఫ్లీ కుట్టిన చోట రెట్ట వేస్తుంది. మనం గోకితే ఆ రెట్టలోని క్రిమి లోపలికి పోతుంది. ఎండిన రెట్ట దుమ్ములో కలిసి ముక్కులోకి పోయినా రావచ్చు. మనిషి నుంచి మనిషికి అంటదు. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే ఇద్దరూ ఒకే ఎలుకల మధ్య ఉన్నారని అర్థం.

*గుర్తులు*
ఫ్లీ కుట్టిన వారం, రెండు వారాలకు జ్వరం మొదలవుతుంది. గట్టి తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు. కొందరికి అయిదో రోజు ప్రాంతంలో ఛాతీ, పొట్ట మీద దద్దు వస్తుంది. మన రంగు ఒంటిమీద అది సరిగా కనపడదు. ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కాబట్టి డెంగీ అనుకునే వీలుంది. చాలామందికి తేలికగానే పోతుంది. ఆలస్యమైతే, ముఖ్యంగా ముసలివాళ్లకు, ఊపిరితిత్తులు, కిడ్నీలు, లివరు, మెదడు దెబ్బతినవచ్చు. ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు.

*మందు*
డాక్సీసైక్లిన్ అనే మాత్ర బాగా పనిచేస్తుంది. టైఫాయిడ్‌కు వేసే సెఫ్ట్రియాక్సోన్ సూది దీనికి పనిచెయ్యదు. మొదటి వారంలో రక్తపరీక్షలో ఇది తేలకపోవచ్చు, అందుకే అనుమానం ఉంటే డాక్టర్లు ముందే మందు మొదలుపెడతారు. అలాగని అంగట్లో కొని మింగకండి. గర్భిణులకు, పిల్లలకు డాక్టరే చెప్పాలి. మీ పని ఒక్కటే: "మేము పురుగులు మేపుతాం, ఇంట్లో ఎలుకలున్నాయి" అని చెప్పడం.

*ముందు ఫ్లీ, తర్వాత ఎలుక*
అమెరికాలో 1944లో ఈ జబ్బు 5 వేల మందికి పైగా వచ్చింది. 1945 నుంచి ఎలుకలు తిరిగే దారుల్లో డీడీటీ పొడి చల్లి ఫ్లీలను చంపారు, ఎలుకలనూ తగ్గించారు. పదేళ్లు దాటేసరికి ఏడాదికి వంద కేసులు కూడా లేవు. ఎలుక చస్తే దాని మీది ఫ్లీ ఒళ్లు వదిలి మన మీదికి వస్తుంది. అందుకే ముందు ఫ్లీని చంపాలి.

కానీ ఆ పని మనం పురుగుల ఇంట్లో చెయ్యలేం. ఫ్లీని చంపే మందు మన పురుగునూ చంపుతుంది. కాబట్టి మేము ఇలా చేస్తున్నాం:

1. విషం పెట్టడం మానేశాం. ఎలుక ఎక్కడో చచ్చి, ఫ్లీలు బయటపడతాయి. బోను పెడుతున్నాం. పడిన ఎలుకను బోనుతోనే సబ్బు నీళ్లలో ముంచుతాం, ఫ్లీలూ చస్తాయి. గ్లౌజులు వేసుకుని పూడుస్తాం.

2. గోడ బొక్కలు సిమెంటుతో పూడ్చాం. కిటికీలకు, నీళ్లు పోయే తూములకు ఇనుప జాలీ వేశాం. ఎలుకలు పురుగుల్ని, గూళ్లను తినడం కూడా తగ్గింది.

3. గూళ్లు దించాక ఇంటిని పొడిగా ఊడ్వం. ముందు నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఊడుస్తాం. బ్లీచింగ్ ఆ తర్వాతే.

4. పాత చంద్రికలు, గోనెసంచులు మూలన పోగెయ్యం. ఎలుక గూడు కట్టేది అక్కడే.

5. పురుగుల ఇంట్లో పడుకోవడం మానేశాం. రాత్రి మేత వేసి ఇంటికొచ్చి పడుకుంటాం.

పిల్లికీ, కుక్కకీ ఫ్లీ మందు వేస్తే పురుగుల ఇంటి దగ్గరికి రానివ్వకండి. వేసిన చెయ్యి సబ్బుతో కడక్కుండా సొప్పు ముట్టుకోకండి.

పురుగు జ్వరానికి పడితే మేత ఆపి కదపకుండా వదిలేస్తాం. మనిషి జ్వరానికి పడితే వదిలెయ్యకూడదు. మూడో రోజుకు దిగకపోతే ఆస్పత్రికి పొండి, ఎలుకల మాట చెప్పండి. మీ దగ్గర పురుగులు మేపేవాళ్లకు ఇది పంపండి.