చెఱువుగట్టున లొట్టపీసు: దానిని గుర్తించు విధము

మన చెఱువుల యలుగుల క్రిందను, కాలువగట్లమీదను, మురుగుకోడుల యంచులను మనిషిని మించిన యెత్తున పెరిగి, ఇంచుమించు ఏడాది పొడుగునను లేతగులాబివన్నె పూవులు పూయు మొక్క యొకటి కలదు. తెలంగాణమున దీనిని లొట్టపీసు అందురు. లొట్టపీచు అనియు వాడుక కలదు. కోస్తా కాలువల ప్రాంతమున దీనినే తూటికాడ యని పిలుచువారును కలరు. చిక్కంతయు ఈ కడపటి పేరుతోనే వచ్చుచున్నది. తూటికూర యనునది మనము వండుకొని తినెడి యాకుకూర. లొట్టపీసు మేకల మందను తీసివేయగల విషపుమొక్క. రెండును ఒక జాతివే, రెండును నీటి యొడ్డుననే యుండును, పూవులును ఒకదానినొకటి పోలియుండును. కావున ఈ మాసమున దీని గుర్తులను గూర్చి వ్రాయుచున్నాము.

కాడ విఱిచి చూచి, లోపల బోలుగా నున్నది, పాలు కారినవి, కావున లొట్టపీసే యని నిశ్చయించుట చాలదు. తూటికూర కాడయు బోలే. దానినుండియు కొంచెము పాలు వచ్చును. మొదట చూడవలసినది మొక్క నిలుచు తీరు. తూటికూర నిలువదు. నీటిపై తేలుచునో, బురదమీద ప్రాకుచునో, కణుపుకణుపునకు వేళ్లు దిగవిడుచుచు సాగిపోవును. కాడ లేతగా, వ్రేలి లావున నుండును. లొట్టపీసు పొదగా నిలుచును. ఆఱు మొదలు పది అడుగుల వఱకు, నీరు పుష్కలముగా నున్నచోట అంతకు మించియు పెరుగును. మొదట కాడలు ముదిరి, బూడిదవన్నె దాల్చి, కట్టెవలె గట్టిపడును. తూటికూర యెంత ముదిరినను కట్టె కట్టదు.

తరువాత ఆకు. లొట్టపీసు ఆకు తొడిమకడ హృదయాకారముగా వెడల్పై, కొనకు పోనుపోను సన్నమై, పొడవైన మొనతో ముగియును. పొడవు నాలుగు మొదలు పది అంగుళములు. తూటికూర ఆకు సాధారణముగా చిన్నది, బాణపు ములికివలె క్రింద రెండు చెవులు కలది. పూవు రెంటికిని గరాటు ఆకారమే. లొట్టపీసు పూవు రెండు మూడు అంగుళముల పొడవుండి, గొంతులోపల వన్నె చిక్కనగును. గింజలపై పట్టువంటి గోధుమవన్నె నూగు దట్టముగా నుండును.

పాలు కారుటను బట్టి దీనిని జిల్లేడని పొరబడువారును లేకపోలేదు. జిల్లేడున ఆకులు జంటజంటలుగా ఎదురెదురుగ వచ్చును. దీనికి ఒకటి విడిచి యొకటిగా వచ్చును. ఉమ్మెత్తయు గరాటు పూవే కాని దానికి పాలు లేవు. సాధారణముగా కాయపై ముండ్లుండును.

ఇది మన దేశపు మొక్క కాదు. ఉష్ణమండలపు అమెరికానుండి అందమునకును, కంచెకును తేబడినది. పచ్చిమేత యున్నన్నాళ్లు పశువులు దీనిని ముట్టవు. కంచెకు మంచిదను పేరు అందుచేతనే వచ్చినది. ఎండకాలమున గడ్డి మాడి, చెఱువుకడ ఇది యొక్కటే పచ్చగా నిలిచినపుడు మేకలు దీనికి మూతి పెట్టును. ఒకమాఱు రుచి మరగిన మేక, వేఱు మేత దొరకినను దీనినే వెదకికొని పోవును. ఒక్కనాటి మేతతో ఏమియు కనబడదు, కావుననే కాపరి అనుమానింపడు. కొన్ని వారములు గడచిన పిమ్మట వెండ్రుక గఱుకెక్కును, మేత మేసినను ఒడలు చిక్కును, వెనుకకాళ్లు తడబడును, తల వణకును. అనుమానము కలిగినచో మేక తలను పైకెత్తి ఒక నిమిషము పట్టి విడువవలెను. నరములు దెబ్బతిన్న మేక తూలును, లేదా పడిపోవును.

దీనిలోని ముఖ్య విషమునకు స్వైన్సోనిన్ అని పేరు. దీనిని 1979లో ఆస్ట్రేలియా దేశపు మొక్కయొకదానినుండి వేఱుపఱచిరి. మొజాంబిక్ దేశమున లొట్టపీసు మేసి మేకలు చెడిన సంగతి 1999లో ప్రకటింపబడినది. ఈ విషము కణములలో చక్కెరలను విఱుచు పనిని అడ్డును; విఱుగని పదార్థము నరముల కణములలో పేరుకొనిపోవును. ఇంకొక వింత యేమనగా, దీనిని మొక్క తానుగా చేయదు, దానిలో కాపురముండు బూజు చేయునని తేలినది. దీనికి విఱుగుడు మందు లేదు. తొలినాళ్లలోనే మేకను ఆ చోటినుండి తప్పించినచో కోలుకొనును. తూలుట ముదిరినపిదప నరములకు కలిగిన చెఱుపు నిలిచిపోవును. పశువైద్యునికి చూపునపుడు మొక్క కొమ్మను ఒకదానిని వెంట గొనిపోవుట మేలు.

ఇక తీసివేయుట. ఉత్తరదేశమున దీనిని బేషరం, అనగా సిగ్గులేనిది, అందురు. నఱకినకొలది చిగుర్చు దీనికి ఆ పేరు తగియున్నదని మా యభిప్రాయము. నఱకిన కాడలను కాలువలో పడవేయుట అన్నిటికంటె చెడ్డపని. ప్రతి తుండును తేలిపోయి, తడి నేల తగిలినచోట వేఱు తన్నును; ఎగువ ఊరి రైతు శుభ్రపఱచినది దిగువ ఊరి తూమును మూసివేయును. కావున వేసవిలో చెఱువు నీరు వెనుదీసినపుడు మొదలు త్రవ్వి వేళ్లతో పెకలించి, కాడలను గట్టు దాటించి పొడి మెట్టనేలపై పఱచి, విఱిచిన పెళుకుమని విఱుగునంతవఱకు ఎండనీయవలెను. తొలి వానలకు మరల చుట్టి వచ్చి, మిగిలిన మొలకలను లేతగా నున్నప్పుడే పీకవలెను. ఎండిన యాకు పోగులకడకు మేకలను రానీయరాదు. ఒక చెఱువు క్రింద ఆయకట్టుదారులందఱును ఒకే వారమున పూనినగాని ఈ పని నిలువదు; సంఘ సభ్యులు ఎగువ కాలువ గ్రామమువారితో ముందుగా మాటలాడుకొని, ఎగువనుండి దిగువకు పని సాగించవలెను.