నీళ్ళలో నిలిచి ఎండలో రాలిన శాసనం

భిలాయి సెక్టర్ 6 నుంచి రాయ్‌పూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం సుమారు 30 కిలోమీటర్లు. 1875లో మొదలైన ఈ మ్యూజియం చూడటానికి వచ్చినవారు ఎక్కువగా సిర్పూర్ కంచు విగ్రహాల దగ్గర ఆగుతారు. అవి ఆగి చూడదగ్గవే. అయితే అక్కడే బీటలు వారిన ఒక కొయ్య స్తంభం కూడా ఉంది. దాని కథ కంచు విగ్రహాల కథకన్నా వింతైనది.

సుమారు వందేళ్ళ కిందట కిరారీ గ్రామంలో హీరాబంధ్ అనే చెరువు ఎండిపోయినప్పుడు ఈ స్తంభం బురదలోంచి బయటపడింది. దాని మీద బ్రాహ్మీ లిపిలో అక్షరాలున్నాయి. లిపి తీరునుబట్టి అది సుమారు క్రీ.శ. 2వ శతాబ్దానిదని పండితులు తేల్చారు. రాతి మీదో రాగి రేకు మీదో అయితే ఆశ్చర్యం లేదు. కొయ్య అన్నేళ్ళు ఎలా నిలిచింది?

ఉక్కు ఊరివారికి తుప్పు సంగతి తెలిసిందే. ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. కొయ్యను కుళ్ళబెట్టే శిలీంధ్రాలకూ అంతే. చెరువు అడుగు బురదలో తడి ఉంటుంది కానీ ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడ బతికే బ్యాక్టీరియా కొయ్యలోని సెల్యులోజ్‌ను చాలా నెమ్మదిగా తింటాయి. అది పోయిన చోట నీరు చేరి, బలహీనపడ్డ కణాలు కుంగిపోకుండా కాపాడుతుంది.

చిక్కు ఒడ్డుకు చేరాకే వచ్చింది. నీరు ఆవిరవుతున్నప్పుడు దాని తలతన్యత పలచబడ్డ కణాల గోడలను లోపలికి లాగుతుంది. పైగా లోపలి భాగం తడిగా ఉండగానే పైపొర ఎండి ముడుచుకుని పగులుతుంది. అక్షరాలు ఉండేది ఆ పైపొర మీదే! ఎండకు అవి పెచ్చులుగా రాలిపోయాయి. అదృష్టవశాత్తూ స్థానిక పండితుడు లక్ష్మీప్రసాద్ ఉపాధ్యాయ చూసినవి చూసినట్టు నకలు రాసుకున్నారు. హీరానంద్ శాస్త్రి శాసనాన్ని ప్రకటించడానికి ముఖ్యాధారం ఆ నకలే. ఇందులో ఉన్నవి ఉద్యోగుల హోదాలు: నగర రక్షకుడు, సేనాపతి, లెక్కలు చూసే గణకుడు, భాండాగారికుడు, చివరికి వంటశాల అధికారి కూడా.

1628లో మునిగిన స్వీడన్ ఓడ వాసాను 1961లో పైకి తీశాక, దాని మీద పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణాన్ని 17 ఏళ్ళపాటు చల్లారు. మైనంలాంటి ఆ పదార్థం కొయ్యలో నీటి స్థానాన్ని నింపుతుంది. కిరారీ స్తంభం దొరికిన రోజుల్లో అలాంటి చికిత్స అందుబాటులో లేదు.

చెరువుల పూడిక తీసేటప్పుడు ఇలాంటి పాత కొయ్య కనిపిస్తే కడిగి ఎండబెట్టకూడదు. తడి గోనెలు చుట్టి, నీడన ఉంచి, పురావస్తు శాఖకు కబురు చేయాలి. ఫోటోలు మాత్రం వెంటనే తీయాలి.