ఖాళీ కుర్చీ – నిండు కుర్చీ



2025 ఏప్రిల్‌లో విశాఖ మేయర్‌ని పదవి నుంచి దించారన్న వార్త పేపర్లో వచ్చింది. ఆ రోజుల్లో హాస్టల్‌కి వెళ్లిన మమ్మల్ని ఒక తమ్ముడు అడిగాడు. "అన్నయ్యా, మా మావయ్య వాళ్లది అనకాపల్లి టౌనే. ఆయన ఓటు విశాఖ కార్పొరేషన్‌లోనే ఉంది. మరి మేయర్ని దించేటప్పుడు మావయ్యని ఎవరూ అడగలేదేం?" అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాం. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

అనకాపల్లికి బ్రిటిష్ వారి కాలం నుంచీ సొంత మున్సిపాలిటీ ఉండేది. 2013లో దాన్ని మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. ఆ తర్వాత ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే దాదాపు ఎనిమిదేళ్లు అనకాపల్లి వీధులకు ఎన్నికైన ప్రతినిధే లేడు, పాలన అంతా అధికారులదే. వెనక్కి పిలవాలంటే ముందు పిలవాలి కదా! 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. అయినా పట్టణం వార్డులు మాత్రం పక్క జిల్లా నగరం కార్పొరేషన్‌లోనే ఉండిపోయాయి. ఇదో విచిత్రం.

2021లో ఓటర్లు 98 వార్డులకు కార్పొరేటర్లను ఎన్నుకున్నారు. ఆ కార్పొరేటర్లు మేయర్‌గా గొలగాని హరి వెంకట కుమారి గారిని ఎన్నుకున్నారు. చట్టం ప్రకారం నాలుగేళ్లు నిండేదాకా మేయర్‌పై అవిశ్వాసం పెట్టకూడదు. ఆ గడువు దాటగానే తీర్మానం వచ్చింది. ఏప్రిల్ 19న ఓటింగ్ జరిగితే మేయర్ పక్షం వారు సమావేశానికి రాలేదు, 74 మంది అనుకూలంగా ఓటేశారు. మూడింట రెండు వంతులకు సరిగ్గా అంతే కావాలి. ఎవరిది న్యాయం అన్నది ఈ వ్యాసం విషయం కాదు. మావయ్య ఓటు వేసింది కార్పొరేటర్‌కి, మేయర్‌కి కాదు. దించే అధికారం కూడా ఎన్నుకున్న సభ్యులదే. పోనీ ఆ కార్పొరేటర్‌ని మధ్యలో దించాలని మావయ్య అనుకుంటే? మన రాష్ట్రంలో ఓటరుకు ఆ హక్కు లేదు.

ఇలాంటి హక్కునే రీకాల్ అంటారు. దేశంలో ఇది కొత్త మాటేమీ కాదు. 1974లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం దీన్ని కోరింది. అదే ఏడాది సి.కె. చంద్రప్పన్ అనే కమ్యూనిస్టు సభ్యుడు లోక్‌సభలో బిల్లు పెట్టారు, అది నెగ్గలేదు. పట్టణాల స్థాయిలో మాత్రం మధ్యప్రదేశ్‌లో ఇది చట్టమైంది. ఆ ఎన్నికలో గుర్తులు రెండే: ఖాళీ కుర్చీ, మనిషి కూర్చున్న కుర్చీ. దిగిపొమ్మనేవారు ఖాళీ కుర్చీకి, ఉండమనేవారు నిండు కుర్చీకి ఓటేయాలి. చదువు రాని అవ్వకి కూడా ఒక్క చూపుకే తెలిసిపోతుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2008 జూన్‌లో ఇలాగే ప్రజల ఓటుతో ముగ్గురు పట్టణ అధ్యక్షులు పదవి పోగొట్టుకున్నారు.

కానీ ఒక మెలిక గమనించండి. అక్కడ ఆఖరి ఓటు ప్రజలదే గానీ, మొదలుపెట్టేది ప్రజలు కాదు. నాలుగింట మూడు వంతుల కౌన్సిలర్లు సంతకాలు చేస్తేనే వ్యవహారం కదులుతుంది. మన వాడలోంచి ఒకరు రిజర్వేషన్‌తో ఆ కుర్చీ ఎక్కారనుకోండి. అది చూడలేనివాళ్లు సంతకాలు పోగేస్తే? ఈ భయం మాకుంది. దాచుకోవడం దేనికి?

ప్రజలే మొదలుపెట్టిన ఉదాహరణ అమెరికాలో దొరికింది. లాస్ ఏంజిలిస్ అంచున బెల్ అని చిన్న పట్టణం ఉంది, 2010లో దాని జనాభా దాదాపు ముప్పై అయిదు వేలు. ఎక్కువగా కూలీనాలీ చేసుకునే వలస కుటుంబాలు. ఆ ఊరి మేనేజరు ఏటా దాదాపు 8 లక్షల డాలర్ల జీతం తీసుకుంటున్నాడని 2010లో ఒక పత్రిక బయటపెట్టింది. జనం మీటింగులకు పోటెత్తారు, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించారు. 2011 మార్చిలో ఓటేసి మేయర్‌ని, పాత సభ్యులను దించేశారు. మమ్మల్ని ఆపేసిన సంగతి వేరే ఉంది. అలాంటి జీతాలకు దారి తెరిచిన నిబంధన మార్పు మీద 2005లో అక్కడ ఓటింగ్ జరిగింది. దానికి వచ్చి ఓటేసినవాళ్లు నాలుగు వందల మంది కూడా లేరట!

ఇక మా సొంత రీకాల్ సంగతి. మేం హాస్టల్లో ఉన్న రోజుల్లో చేతులెత్తి ఒక తొమ్మిదో తరగతి అన్నని మెస్ కమిటీ లీడర్‌గా ఎన్నుకున్నాం. కొన్నాళ్లకు గుడ్డు పూట కొందరికి గుడ్డు అందడం మానేసింది. 'లీడరే అమ్ముకుంటున్నాడు' అని ఎవరో అన్నారు. ఆ సాయంత్రం స్టడీ అవర్ ఎగ్గొట్టి, వేపచెట్టు కింద చేరి, చేతులెత్తి అతన్ని దించేశాం. అతను ఏదో చెప్పబోతే గోల చేశాం. మరో పది రోజులకు కొత్త లీడర్ స్టాక్ రిజిస్టర్ తెచ్చి చూపించాడు. ఆ నెలలో కొత్త పిల్లలు చేరారు. గుడ్లు మాత్రం పాత లెక్కకే వస్తున్నాయి. 'సంఖ్య పెంచాలి' అని పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది. ఆ రాత దించేసిన అన్నదే. అతన్ని మళ్లీ ఉండమని అడిగాం. "వద్దురా" అని కంచం తీసుకుని వరసలో వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. బెల్ కథ చదువుతున్నప్పుడు మాకు ఆ వరసే గుర్తొచ్చింది. మేం రిజిస్టర్ అడిగింది దించేశాక. ముందు అడగడానికి మాకు ఎవరూ అడ్డుపడలేదు.

తమ్ముళ్లారా, ఊరి రిజిస్టర్లు అడిగే హక్కు మాత్రం మన చేతిలోనే ఉంది. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అమల్లో ఉంది. మీ వార్డులో రోడ్డుకు, కాలువకు, వీధి దీపాలకు ఏ ఏడాది ఎంత మంజూరైంది, ఎవరికి బిల్లు చెల్లించారు అని తెల్ల కాగితం మీద రాసి అడగవచ్చు. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు ఆ ఫీజూ లేదు, అందుకు రుజువు జిరాక్స్ జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే అదే కార్యాలయంలో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

మావయ్య గారి వీధి గురించి అడిగిన తమ్ముడితో మొదటి దరఖాస్తు రాయిద్దామనుకుంటున్నాం. ఇంకెవరైనా రాయాలనుకుంటే ఆదివారం స్టడీ అవర్‌కి కాగితాలు తెచ్చుకోండి, మేమూ వచ్చి మీతో కూర్చుంటాం.