ముప్పై వేసవుల ఓడ

చిరంజీవి అమ్మాయికి,


ధ్రువ పరిశోధన నౌక పనిలో చేరుతున్నావని తెలిసి సంతోషించాను. 2025 జూన్‌లో కోల్‌కతా గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్, నార్వేకు చెందిన కాంగ్స్‌బర్గ్‌తో ఈ ఓడ కోసం అవగాహన ఒప్పందం చేసుకున్నప్పటి నుంచి అందరివీ ఒకే రకం ప్రశ్నలు: ఎంత మందం మంచును పగలగొడుతుంది, ఎంతమంది పడతారు, ల్యాబులు ఎన్ని? అడగవలసినవే. కానీ అవి చెప్పేది ఓడ చేతికొచ్చిన రోజు సంగతి. నీకు అప్పగించేది ఆ తర్వాతి ముప్పై ఏళ్లు. అంటార్కిటికా చుట్టూ ఓడ పనిచేయగలిగేది దాదాపు నవంబరు నుంచి మార్చి దాకానే. ఆ నెలలు చేజారాయంటే మళ్లీ ఏడాది ఆగాలి. అందుకే ఓడ సత్తాను మీటర్లలో, టన్నుల్లో కాకుండా వేసవుల్లో లెక్కపెట్టు. ఆ వేసవులు పోయేది చాలావరకు అతుకుల దగ్గరే. యంత్రానికీ యంత్రానికీ మధ్య, ఓడకూ రేవుకూ మధ్య, పాత ఓడకూ కొత్త ఓడకూ మధ్య ఉండే అతుకుల దగ్గర.

ఆస్ట్రేలియా ‘నుయినా’ సంగతి చూడు. రొమేనియాలో కట్టిన 160 మీటర్ల ఓడ అది. 1.65 మీటర్ల మందం మంచును మూడు నాట్ల వేగంతో చీల్చుకుపోయేలా తయారుచేశారు. లోపల ఒక ప్రత్యేకమైన గది ఉంది. నిమిషానికి అయిదు వేల లీటర్ల దాకా సముద్రపు నీరు అందులోకి పారుతుంది, క్రిల్ లాంటి సుకుమారమైన జీవులు వలలో నలగకుండా ప్రాణాలతో దొరుకుతాయి. 2021 అక్టోబరులో అది హోబార్ట్ చేరింది. 2022-23 వేసవికి మాత్రం అందలేదు. చప్పుడు లేకుండా తిరగడానికి కరెంటు మోటార్లు, మంచు పగలగొట్టడానికి డీజిల్ ఇంజిన్లు, రెండూ దానికి ఉన్నాయి. వాటి మధ్య పనిచేసే క్లచ్‌లనూ గేర్‌బాక్సులనూ కలిపే కప్లింగ్‌లు మార్చవలసి వచ్చి సింగపూర్‌లో ఉండిపోయింది. మరమ్మతు ముగించుకుని వచ్చాక 2023లో ఇంకో చిక్కు. డీజిల్ నింపే చోటు హోబార్ట్‌లోనే, టాస్మన్ వంతెనకు అవతల ఉంది. 1975లో ‘లేక్ ఇల్లవారా’ అనే సరుకు ఓడ గుద్ది, పన్నెండుమందిని బలిగొన్న వంతెన అది. దాని కింద నుంచి నుయినా పోవడానికి రేవు అధికారులు ఒప్పుకోలేదు. డీజిల్ కోసం ఉత్తర తీరంలోని బర్నీ దాకా వెళ్లక తప్పలేదు. అంతకుముందే మూడో అతుకూ తెగింది. మూడు దశాబ్దాలు నడిచిన ‘అరోరా ఆస్ట్రాలిస్’ 2020లో సెలవు తీసుకుంది, కొత్తది ఇంకా రాలేదు. మధ్యలో అద్దెకు తెచ్చుకున్న ‘ఎవరెస్ట్’ 2021 ఏప్రిల్‌లో అంటార్కిటికా నుంచి తిరిగివస్తుంటే దాని ఇంజిన్ గదిలో మంటలు లేచాయి.

దీనికి ఎదురుగా జర్మనీ ‘పోలార్‌స్టెర్న్’ను పెట్టి చూడు. 1982లో నీళ్లలోకి దిగింది. 1999 నుంచి 2001 దాకా దాన్ని అంతటినీ సరిదిద్దారు, అదీ ఒక్కసారిగా కాదు, నాలుగు విడతల్లో. అందుకే 2019లో, అంత వయసులో, ఉత్తర ధ్రువపు మంచులో చిక్కుకుని ఏడాది పాటు కొట్టుకుపోయే మోజాయిక్ యాత్రకు దాన్ని నమ్మి పంపగలిగారు. (జర్మన్ల క్రమశిక్షణను మెచ్చుకునేవాళ్లు కొత్త పోలార్‌స్టెర్న్ టెండరు కథ మాత్రం ఎత్తరు. 2020లో ఒకసారి రద్దయింది. ఒప్పందం మీద సంతకాలు పడేసరికి 2024 డిసెంబరు.) అమెరికా కోస్ట్‌గార్డ్ ‘పోలార్ స్టార్’ది ఇంకో దారి. 1976 నాటి ఆ ఓడను నడపడానికి, మూలపడ్డ జంట ఓడ ‘పోలార్ సీ’ని విప్పి భాగాలు తీసుకుంటూ వచ్చారు. మనకు జంట ఓడ ఉండదు.

మనకు అసలు ఇరకాటం క్యాలెండరులో ఉంది. అంటార్కిటికా నుంచి వచ్చిన ఓడ ఖాళీగా ఉండేది ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, అందులో చాలా భాగం మన వానాకాలం. మంచు రాపిడికి తట్టుకునే ఎపాక్సీ రంగు తడి ఉక్కు మీద నిలవదు, గాలిలో తేమ ఎక్కువైనా తంటాయే. విశాఖలో డ్రై డాక్ దొరికినా అక్టోబరు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్ తీరం దాటింది అక్టోబరు 12నే. పైగా ఈ ఓడ ఆర్కిటిక్‌కూ పోవాలంటారు. అక్కడ వేసవి జూన్ నుంచి సెప్టెంబరు దాకా. రెండు ధ్రువాలకూ పంపుతామని ఇప్పుడే మాట ఇస్తే బాగుచేయడానికి మిగిలేవి ఏప్రిల్, మే నెలలు. కాబట్టి యాత్రల పట్టిక కంటే ముందు డ్రై డాక్ తేదీలు ఖరారు చేయించు. శాస్త్రవేత్తలు గొణుగుతారు, గొణగనీ.

ఇంత హైరానా ఎందుకు, అద్దె ఓడలు లేవా అని ఎవరో ఒకరు అడుగుతారు. 1981-82లో మన మొదటి యాత్ర నార్వే ఓడ ‘పోలార్ సర్కిల్’ మీదే సాగింది, ఇప్పటికీ అద్దెలతోనే నెట్టుకొస్తున్నాం. ఆ మాటలో నిజం ఉంది. అంటార్కిటికాలోని మన కేంద్రాలు మైత్రికి, భారతికి ఇంధనం, సరుకులు చేరవేయడానికి అద్దె ఓడ చాలు. సొంత ఓడ వచ్చాక కూడా ఆ దారి మూసేయవద్దు. కానీ సముద్రపు అడుగును కొలవడానికి, మంచు అంచున వారాల తరబడి ఒకేచోట నిలబడి నమూనాలు తీయడానికి సోనార్లు, వించ్‌లు ఓడలోనే ఇమిడి ఉండాలి. అలాంటి ఓడ అడిగిన నెలలో అద్దెకు దొరకదు. ఇంకొకరు, నిర్వహణ అంతా కంపెనీకి అప్పగించి జరిమానా షరతులు రాసుకుందాం అంటారు. జరిమానా డబ్బు తెస్తుంది, పోయిన వేసవిని తేదు. ఆడిట్ వాళ్ల అభ్యంతరమే గట్టిది: పదేళ్లకు పనికొచ్చే విడిభాగాలకు ఇప్పుడే కోట్లు కట్టేయడం దేనికి? అన్నీ కొనమని నేనూ అనను. ఒక్కో భాగానికి ఒకే ప్రశ్న వేయి. ఆర్డరు పెట్టాక అది రెండు వేసవుల మధ్య వచ్చి చేరుతుందా? చేరేదాన్ని వదిలేయి. చేరనిది, ప్రొపెల్లర్ బ్లేడో షాఫ్ట్ బేరింగో కప్లింగో, గోదాములో ఉండి తీరాలి.

ఓడ ఉక్కు దేహం ముప్పై ఏళ్లు నిలుస్తుంది, సోనార్ల కంప్యూటర్లు పదేళ్లకే పాతబడతాయి. కేబుళ్ల దారుల్లో ఖాళీ, కరెంటులో మిగులు, డెక్ మీద కంటైనర్ ల్యాబులకు చోటు ఇప్పుడే అడిగి రాయించుకో. యార్డు నుంచి పూర్తి డ్రాయింగులు, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ హక్కులు, వేరే సరఫరాదారుతో మరమ్మతు చేయించుకునే అనుమతి, ఈ మూడూ సంతకానికి ముందే నిర్మాణ ఒప్పందంలోకి ఎక్కించు. సంతకం అయ్యాక అడిగితే ఒక్కోదానికి వేరే బిల్లు వేస్తారు.

ఇట్లు,
మీ పెదనాన్న