ఆగని ఏసీ కంప్రెసరు: కారణములు, చేయదగిన పనులు

వేసవిలో పగలంతయు పొలమునందును, కళ్ళమునందును ఎండకు మాడివచ్చిన వారికి రాత్రి కంటినిండ నిద్ర అవసరము. అందుచే నేడు పల్లెటూళ్ళలో గూడ పలు గృహములలో ఏసీ కనబడుచున్నది. అయితే, రాత్రి వేసిన యంత్రము తెల్లవారువరకు ఒక్క నిమిషమైనను ఆగుట లేదని చెప్పువారు చాలమంది కలరు.

ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు. 1.5 టన్నుల మామూలు ఏసీ కంప్రెసరు నడుచునపుడు గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్ల కరెంటు తీసుకొనును. పది గంటలు ఎడతెగక నడిచినచో 15 యూనిట్లు అగును. సగము కాలము ఆగుచు నడిచినచో ఏడెనిమిది యూనిట్లతో సరిపోవును. నెలకు తేడా 200 యూనిట్లు దాటును. వాడకము పెరిగినకొలది యూనిట్టు ధర గూడ పెరుగును గనుక బిల్లు మరింత బరువగును. పైగా విశ్రాంతి లేని కంప్రెసరు త్వరగా కాలిపోవును.

యంత్రము చేయు పని

ఏసీ చల్లదనమును పుట్టించదు. బావిలోని నీటిని మోటతో తోడి బయట పోసినట్లు, గదిలోని వేడిని తోడి బయట పారబోయును. లోపలి పెట్టెలోని కాయిల్ వేడిని పీల్చుకొనును. బయటి పెట్టెలోని కంప్రెసరు గ్యాసును అదిమి, ఆ వేడిని బయటి కాయిల్ ద్వారా గాలిలోనికి వదలును. ఒక టన్ను మంచును 24 గంటలలో కరిగించునంత వేడిని తోడగల శక్తికే ఒక టన్ను అని పేరు.

గది మనము కోరిన చల్లదనమునకు వచ్చినదని లోపలి సెన్సారు తెలుపగానే, రిలే అను చిన్న స్విచ్చి కంప్రెసరునకు కరెంటు ఆపును. కావున కంప్రెసరు ఆగకపోవుటకు కారణములు రెండే తెగలు. ఆగుమని ఆజ్ఞ అందకపోవుట ఒకటి; ఆజ్ఞ వచ్చినను స్విచ్చి వినకపోవుట రెండవది. ఈ రెంటిలో ఏదో తేల్చుకొనక గ్యాసు నింపించుట, భాగములు మార్పించుట డబ్బు దండుగ.

ముందుగా చూడవలసినవి

లోపలి ఫ్యాను తిరుగుచున్నంత మాత్రమున కంప్రెసరు నడుచుచున్నట్లు కాదు. బయటి పెట్టె వద్ద నిలబడి శబ్దము వినుడు.

మీది ఇన్వర్టరు రకమేమో చూడుడు. ఈ రకములో గది చల్లబడినకొలది కంప్రెసరు వేగము తగ్గించుకొని మెల్లగా నడుచుచుండును. తరచుగా ఆగదు. శబ్దము తగ్గినచో అది లోపము కాదు. రాత్రియంతయు ఒకే జోరున నడిచిననే అనుమానింపవలెను.

రిమోటుతో పరీక్ష

తెల్లవారుజామున, గది కొంత చల్లగా నున్నపుడు రిమోటులో 30 డిగ్రీలు పెట్టుడు. టర్బో మీట నొక్కియున్నచో తీసివేయుడు. పది నిమిషములు వేచి చూడుడు. మధ్యాహ్నము గదియే 35 డిగ్రీలున్నపుడు ఈ పరీక్ష పనికిరాదు.

కంప్రెసరు ఆగినచో

స్విచ్చి మంచిదే. గది కోరిన చల్లదనమునకు చేరకపోవుటయే చిక్కు. ఊట ఎక్కువైన బావిని ఎంత తోడినను ఎండదు గదా! ఈ క్రింది వానిని వరుసగా చూడుడు.

1. రిమోటులో 16 లేక 18 పెట్టినచో మామూలు ఏసీ గదిని త్వరగా చల్లబరచదు. ఆగకుండ మాత్రము నడుచును. 24 నుండి 26 వరకు పెట్టి, ఫ్యాను మెల్లగా వేసికొనుడు. 2020 జనవరి 1 నుండి మన దేశములో గది ఏసీలు 24 డిగ్రీల వద్ద మొదలగునట్లు నియమము వచ్చినది. ఒక్క డిగ్రీ పెంచిన సుమారు 6 శాతము కరెంటు కలిసివచ్చును.

2. తలుపు క్రింది సందు, కిటికీ రెక్కల సందులు మూయుడు. రేకుల కప్పు లేక ఎండకు కాగిన పై స్లాబు రాత్రియంతయు వేడిని వదలుచుండును. స్లాబుపై తెల్ల సున్నము వేసినను మేలే.

3. లోపలి ఫిల్టరును పదిహేను రోజులకొకసారి నీటితో కడిగి, నీడన ఆరబెట్టి అమర్చుడు.

4. పల్లెలలో ముఖ్యముగా చూడవలసినది బయటి కాయిల్. నూర్పిడి కాలమున ఊక, పొట్టు, ప్రత్తి నూగు, దారి దుమ్ము దాని రేకుల మధ్య చాపవలె పేరుకొనును. అప్పుడు తోడిన వేడి బయటకు పోదు. ఎం.సి.బి. దించి, తక్కువ వేగపు నీటితో కడుగుడు. రేకులు వంగనీయరాదు. తీగల వైపు నీరు కొట్టరాదు. ఆ పెట్టెకు ఆనించి గోతాములు పేర్చరాదు.

5. కొన్ని రిమోటులలోనే సెన్సారు ఉండును. ఆ సదుపాయము వాడుచున్నపుడు రిమోటును ఎండ తగులు కిటికీలో ఉంచినచో, గది ఇంకను వేడిగా నున్నదని యంత్రము భ్రమించును.

ఇవన్నియు సరిచేసినను గది చల్లబడనిచో గ్యాసు తగ్గియుండవచ్చును. లోపలికి పోవు గాలికిని, బయటకు వచ్చు గాలికిని సాధారణముగా 8 నుండి 12 డిగ్రీల తేడా ఉండవలెను. తేడా చాల తక్కువగా నున్నను, కాయిల్‌పై మంచు పేరుకొన్నను మెకానిక్కును పిలువుడు.

కంప్రెసరు ఆగనిచో

30 డిగ్రీలు పెట్టినను, తుదకు రిమోటుతో పూర్తిగా ఆపినను బయటి కంప్రెసరు నడుచుచునే యున్నదా? అయినచో రిలే ముక్కులు కాలి అతుకుకొనియుండును. లేదా పూర్వము ఎవరో రిలేను తప్పించి తీగను నేరుగా కలిపియుందురు. వోల్టేజి పడిపోవుచు లేచుచునుండు ఊళ్ళలో ముక్కులు త్వరగా కాలును. తగిన స్టెబిలైజరు వాడుట మంచిది.

ఈ స్థితిలో లోపలి ఫ్యాను ఆగి కంప్రెసరు మాత్రము నడిచినచో కాయిల్ గడ్డకట్టి, గ్యాసు ద్రవరూపముననే కంప్రెసరులోనికి పోయి దానిని చెరచును. వెంటనే ఎం.సి.బి. దించుడు. మరల వేయకుడు. పెట్టె మూత విప్పరాదు. కరెంటు తీసిన తరువాత గూడ కెపాసిటరులో షాకు మిగిలియుండును. తడిచేతులతో దగ్గరకు పోవలదు, పిల్లలను పోనీయవలదు.

మెకానిక్కు వచ్చినపుడు

మీరు చేసిన పరీక్షను, దాని ఫలితమును ముందే చెప్పుడు. ఏసీ గ్యాసు ఇంజనులోని డీజిలువలె ఖర్చగునది కాదు. తగ్గినదనగా ఎచ్చటనో కారుచున్నదని అర్థము. కారుచోటు కనుగొని పూడ్చిన తరువాతనే నింపవలెనని అడుగుడు. లేనిచో ప్రతి వేసవికి అదే ఖర్చు. ఆర్-32 వంటి గ్యాసులకు మండు గుణము కలదు. ఆ పని జరుగుచోట బీడీ, అగ్గిపుల్ల కూడదు. తీగను నేరుగా కలిపి నడిపించెదనన్నచో ఒప్పుకొనవలదు.

గ్రామాధికారులు తమ కార్యాలయములోని ఏసీకి గూడ ఈ పరీక్ష చేసి చూడవచ్చును. పంపుసెట్టు గుణమెరిగి కాపాడుకొను రైతుకు ఈ యంత్రము కొత్త విద్య కాదు. ఈ ఏడు ఎండలు ముదరకముందే ఒక తెల్లవారుజామున లేచి, బయటి పెట్టె వద్ద చెవియొగ్గి వినుడు.