గోడ మూలలో బయటపడిన లోహం

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాలకు 1934లో శంకుస్థాపన జరిగింది. 1939లో అది ప్రారంభమైంది. ఆ భవనపు వెలుపలి మూలలు గ్రానైటు రాతివి. రాతి అంచుకు వేరొక రక్షణ అక్కరలేదు. అక్కడి నుండి తార్నాకకు నడిచి వచ్చి మేము అద్దెకున్న ఇంటిలో అడుగుపెడితే సంగతి వేరు. నడవ నుండి గదిలోనికి మలుపు తిరిగే చోట సైకిలు హ్యాండిలు తగిలి, జిప్సం గిలాబు పెచ్చులూడి, లోపలి రేకు బయటపడింది. దానిపై రెండుసార్లు గోడరంగు పూశాము. రెండుసార్లూ గోధుమవన్నె మరక పైకి తేలింది. ఆ భంగపాటు వల్ల నేర్చుకొన్నదే ఈ పాఠం.

మొట్టమొదట తేల్చుకోవలసినది, కనబడుతున్న లోహం ఏది అన్నది. లంబకోణంలో మడిచిన, చిల్లులు గల పలుచని రేకు అయితే అది మూలపట్టీ. అంచు తిన్నగా రావడానికీ, దెబ్బలకు ఓర్చుకోవడానికీ గిలాబు వేసేటప్పుడే దానిని అమరుస్తారు. అది చెడితే చెడేది అందమే. అట్లా కాక, గుండ్రంగా, గాట్లతో, కొంత లోతులో ఇనుప చువ్వ కనబడితే అది ఇంటి బరువు మోసే స్తంభంలోనిది. కాంక్రీటులోని క్షారగుణం ఆ చువ్వను కాపాడుతూ ఉంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోనికి చొచ్చుకొనిపోయి ఆ గుణాన్ని హరిస్తుంది. పిదప తేమ తగిలితే తుప్పు పుడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్ల చోటు ఆక్రమించి కాంక్రీటును పగులగొడుతుంది. స్తంభపు అంచు వెంబడి నిలువు పగులు, తట్టినప్పుడు డొల్ల శబ్దం దీనికి గుర్తులు. అటువంటి చోట లప్పం పెట్టి రంగు వేయడం రోగిపై దుప్పటి కప్పడమే. ఇంటి యజమాని ఏమంటాడో అని సంకోచించక ఇంజనీరుకు చూపించాలి. అద్దె గదులలో ఉండే మన విద్యార్థులకు ఈ మాట ప్రత్యేకించి చెబుతున్నాము.

మూలపట్టీ అయితే పని మన చేతిలోనిదే. మా రంగు ఎందుకు నిలువలేదు? నీటితో కలిపే గోడరంగులోని నీరే వట్టి ఇనుముకు జంగు పట్టిస్తుంది (తెలంగాణ తెలుగుకు ఉర్దూ ఇచ్చిన ఈ మాట మాకు తుప్పుకంటె దగ్గర). ఆ జంగు కరిగి పూతలోనికి ఊరుతుంది. తడి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను నేరుగా ఇనుముపై మెత్తినా ఇదే గతి. కనుక వదులు పెచ్చులను తాపీ అంచుతో తీసివేసి, ఉబికిన రేకును సుత్తితో మెల్లగా లోనికి కొట్టి, తీగ బ్రష్షుతోనూ ఉప్పు కాగితంతోనూ లోహం మెరిసేవరకు రుద్దాలి. పాత ఇళ్ల రంగులలో సీసం ఉండవచ్చును. అక్కడ పొడిగా రుద్దక, తడిపి రుద్దడం క్షేమం.

తరువాతిది ప్రైమరు. ఇక్కడే చాలామంది పొరబడతారు. జంగు పట్టిన చోట రెడ్ ఆక్సైడు సరిపోతుంది. కాని పట్టీపై జస్తపు పూత ఇంకా మిగిలి ఉన్న చోట దానిని వేయరాదు. అందులోని నూనె జస్తంతో కలిసి సబ్బుగా మారి, కొన్నాళ్లకు పూత పొరలుగా లేచిపోతుంది. అక్కడ జస్తపు రేకుకని విడిగా అమ్మే ప్రైమరే వాడాలి. పూతల రసాయనాన్ని పరిశోధించిన భారతీయ రసాయన సాంకేతిక సంస్థ తార్నాకలోనే ఉన్నది. దాని పొరుగున ఉంటూ ఈ సంగతి ఇంత ఆలస్యంగా తెలుసుకొన్నందుకు సిగ్గుపడ్డాము.

ప్రైమరు పూర్తిగా ఆరిన పిదప లప్పాన్ని అంచుకు ఇరువైపులా జానెడు మేర, పలుచగా రెండు మూడు పొరలుగా లాగాలి. ఒక్కసారే మందంగా పెడితే పగులుతుంది. ప్రతి పొరా ఆరనిచ్చి రుద్ది, దుమ్ము తుడిచి, గోడ ప్రైమరు, ఆపైన రెండు చేతుల రంగు వేయాలి. అతుకు కనబడరాదనుకొంటే ఆ రెండు గోడలకూ పూర్తిగా రంగు వేయక తప్పదు.

ఈ క్రమంలో మూడవసారి వేసిన రంగు ఒక వానాకాలం గడిచినా చెక్కుచెదరలేదు. సైకిలును మాత్రం ఇప్పుడు వరండాలోనే ఉంచుతున్నాము.